నాలుగు చక్రాలకీ ఒకే గాలి

మాది చోడవరం. పెళ్లయిన దగ్గర్నుంచీ మా ఆయనా నేనూ బట్టల మూటలతో బతికిన మనుషులం. లుంగీలు, లంగాలు, తువ్వాళ్లు, చలి మొదలయ్యే ముందు దుప్పట్లు, పసిపిల్లల ఉన్ని టోపీలు, అన్నీ పాత జీపులో సర్దుకుని వారానికోసారి మాడుగుల దాటి కొండ దిగువన జరిగే సంతకి వెళ్లేవాళ్లం. ఆ ఊరికి తారు రోడ్డు లేదు. తారు అయిపోయిన చోట ఎర్రమట్టి దారి మొదలవుతుంది. అది కొంతదూరం పోయి గెడ్డలో దిగుతుంది. కొండ మీంచి వచ్చే వాగుని మా వైపు గెడ్డ అంటారు. మామూలు రోజుల్లో నీళ్లు పిక్కల దాకా కూడా రావు గానీ, ఇసుక మాత్రం జల్లించిన పిండిలా ఉంటుంది. గెడ్డ దాటాక రాళ్ల ఎక్కుడు.

ఇసుకలో దిగే ముందు టైర్లలో గాలి తగ్గించుకోవాలి. గాలి తగ్గిన టైరు వెడల్పుగా పరుచుకుని ఇసుక మీద తేలిపోతుంది. బిగుతుగా ఉన్న టైరు తన గొయ్యి తానే తవ్వుకుంటుంది. మళ్లీ తారు రోడ్డు ఎక్కే ముందు గాలి నింపుకోవాలి, లేకపోతే టైరు వేడెక్కి పాడైపోతుంది. ఇదంతా నాకు ఇప్పుడు తెలుసు. ఆ రోజుల్లో నాకేమీ పట్టేది కాదు. మా ఆయన ఒక్కో చక్రం దగ్గరా గొంతుక్కూచుని, సన్నటి మేకుతో వాల్వు నొక్కుతూ, గెడ్డలో బట్టలు ఉతుక్కుంటున్న ఆడవాళ్లతో కబుర్లు చెప్పేవారు. ఎవరి కూతురు ఏ ఊరు వెళ్లింది, ఎవరి ఆవు ఈనింది, అన్నీ ఆయనకి కావాలి. నేను జీపులోనే కూచుని, ఈ మనిషి నోరు మూస్తే గాలి తొందరగా దిగేది కదా అనుకునేదాన్ని.

రెండేళ్ల కిందట వానాకాలంలో ఒక ఉదయం, ఆయన పళ్లు తోముకుంటూ బ్రష్షు కింద పడేశారు. వంగి తీసుకోబోయి తీసుకోలేకపోయారు. ఏటయ్యిందని అడిగితే నా వైపు తిరిగి ఏదో అన్నారు. అది మాట కాదు.

విశాఖపట్నం ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చుకునేసరికి కాలు కొంచెం నయమైంది. కర్ర పట్టుకుని నాలుగడుగులు వేస్తున్నారు. కుడి చెయ్యి మాత్రం ఒళ్లో పెట్టుకున్న వస్తువులా ఉండిపోయింది. మాటలు పూర్తిగా పోలేదు, చెల్లాచెదురైపోయాయి. మంచినీళ్లు కావలసి వస్తే గొడుగు అనేవారు. ఒకరోజు నన్ను ‘మాస్టారూ’ అని పిలిచారు. పిలిచాక తప్పని తెలిసి నవ్వబోతే నవ్వు ఒక పక్కకే వచ్చింది. ఆయన మాట వెతుక్కుంటున్నప్పుడు మీరు అందించకండి, ఆగండి అని డాక్టరు గారు చెప్పారు. ఆగడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. సంతలో పదిమందిని ఒక్కసారి నవ్వించిన మనిషి, కూర బాగుందని చెప్పడానికి గోడ మీది కేలండరుని చూస్తూ ఉండిపోతే, ఎదురుగా కూచున్నవాళ్ల ప్రాణం ఆ మాట అందిద్దామనే కొట్టుకుంటుంది.

మా పెద్దాడబిడ్డ కె.కోటపాడు నుంచి సాయానికి వచ్చి మా దగ్గరే ఉండిపోయింది. ఆవిడ మనసు మంచిది, నోరు కొంచెం గట్టిది. జీపు అమ్మెయ్యమని రోజూ చెప్పేది. చర్చి దగ్గర చిన్న కొట్టు పెట్టుకుంటే సరిపోతుంది కదా అనేది. అందులో న్యాయం లేకపోలేదు. కానీ వదిన జీపు మాట ఎత్తినప్పుడల్లా ఆయన ముఖం కిటికీ వైపు తిప్పుకోవడం నేను చూసేదాన్ని. పైగా దుప్పట్ల వాళ్లు ఏమయ్యారని కొండవాళ్లు మాడుగుల బస్సులో వచ్చేపోయే వాళ్లతో కబురు పంపుతూనే ఉన్నారు.

నేను డ్రైవింగు నేర్చుకున్నాను. నేర్పించే స్కూల్లో కుర్రాళ్ల మధ్య తల నెరుస్తున్నదాన్ని నేనొక్కదాన్నే. చిన్న కారు మీద నేర్చుకుని, లైసెన్సు వచ్చాక మా జీపు ఎక్కితే అది వేరే జంతువులా అనిపించింది. గేరు మార్చాలంటే భుజం నొప్పెట్టేది. వేకువనే గోవాడ రోడ్డు మీద, చెరకు ట్రాక్టర్లు మొదలవ్వక ముందు, ఆయన్ని పక్కన కూచోబెట్టుకుని అలవాటు చేసుకున్నాను. తప్పు చేస్తే ఆయన ఎడమ చేత్తో డాష్‌బోర్డు మీద తట్టేవారు. ఒకసారి తడితే గేరు, రెండుసార్లు తడితే బ్రేకు. మాటల కన్నా అదే తేలికయ్యేది ఇద్దరికీ.

మొదటిసారి సంతకి బయల్దేరిన రోజు వదిన గుమ్మంలో నిలబడి ప్రార్థన చేసి పంపింది. దారంతా బాగానే వచ్చాం. గెడ్డ దగ్గర ఆగాక గాలి తగ్గించే పని నా మీద పడింది. మేకు పెట్టి నొక్కుతుంటే గాలి కళ్లలో కొట్టింది. ఎంత తగ్గిందో తెలియక ఒకదాంట్లో ఎక్కువ తీశాను, ఒకదాంట్లో తక్కువ. చీర కుచ్చిళ్లు తడిసి ఇసుక పట్టాయి. నేను మూడో చక్రం దగ్గర ఉండగా ఆయన సాయానికి దిగబోయారు. కర్ర ఇసుకలో దిగబడి పక్కకి ఒరిగి కూలబడ్డారు. దెబ్బేమీ తగల్లేదు. ఇద్దరు మనుషులు పరిగెత్తుకొచ్చి లేపి కూచోబెట్టారు. ఒంటికంటిన ఇసుక నేను దులుపుతుంటే ఆయన నా ముఖం చూడలేదు.

తిరిగొచ్చేటప్పుడు ఇంకా కష్టమైంది. కాలితో తొక్కే పంపుతో నాలుగు టైర్లూ నింపాలి. ఎండ. రెండు చక్రాలయ్యేసరికి కాళ్లు వణికాయి. మిగతా రెండూ నింపాననిపించాను. తారు రోడ్డు ఎక్కి కొంచెం స్పీడు పెంచగానే జీపు ఎడమకి లాగడం మొదలెట్టింది. సరిగ్గా ఎదురుగా చెరకు ట్రాక్టరు. కంగారులో తప్పించబోతే బండి రోడ్డు దిగిపోయింది. పక్క సీటులో ఉన్న ఆయనకి స్టీరింగు అందేంత దూరంలోనే ఉంది, కానీ స్టీరింగు వైపు ఉన్నది కుడి చెయ్యి. అది లేవలేదు. ఎలాగో గట్టు దగ్గర బ్రేకు వేశాను. ట్రాక్టరు వెళ్లిపోయింది. ఆయన ఎడమ చేత్తో ఆ కుడి చేతిని పట్టుకుని కూచున్నారు. నేను బండిని మళ్లీ రోడ్డెక్కించి నెమ్మదిగా ఇంటికి పోనిచ్చాను.

ఇంటికొచ్చాక ఆయన అన్నం ముట్టుకోలేదు. వదిన జీపు మాట మళ్లీ ఎత్తింది, ఈసారి నెమ్మదిగా.

“అమ్మీసుకుంటే మీకు నామోషీ ఏటే? వాడు సిన్న గుంటడు కాదు గదా సెప్పడానికి. నువ్వన్నా ఇను.”

నేను వింటానన్నాను. నిజంగానే అమ్మేద్దామనుకున్నాను.

మర్నాడు వంటింట్లోంచి బయటికొచ్చేసరికి ఆయన హాల్లో నేల మీద కూచుని ఉన్నారు. ఎలా దిగారో తెలియదు. ఎదురుగా నాలుగు స్టీలు గ్లాసులు, చతురస్రం నాలుగు మూలలా పెట్టినట్టు. మూటలోంచి లంగా బొందులు నాలుగు లాగి, ఒక్కో గ్లాసులో ఒక్కో బొందు కొస పడేసి, రెండో కొసలన్నీ మధ్యలో ఒక ముడి వెయ్యడానికి ఎడమ చేత్తోనూ పళ్లతోనూ తంటాలు పడుతున్నారు. ఆ ముడి దగ్గర నా చేతి గడియారం పెట్టుకున్నారు. మెదడుకేమైనా అయిందేమో అనుకున్నాను. వదిన అయితే పాస్టరు గారికి ఫోను చెయ్యనా అని కళ్లతోనే అడిగింది.

ఆయన గ్లాసుల్ని చూపించారు, తర్వాత కిటికీలోంచి జీపుని చూపించారు. బొందు వెంట వేలితో రాసుకుంటూ వచ్చి ముడి దగ్గర ఆగారు. గడియారం మీద తట్టారు. ఆ తర్వాత తన గుండె మీద చెయ్యి పెట్టుకున్నారు.

నాకు మెల్లగా అర్థమైంది. నాలుగు చక్రాలకీ నాలుగు గొట్టాలు. నాలుగూ ఒక చోట కలవాలి. అక్కడ గాలి ఎంతుందో చూపించే మీటరు ఉండాలి. అన్నీ కలిసి ఉంటాయి గనక నాలుగింటిలోనూ గాలి ఒక్కలాగే దిగుతుంది, ఒక్కలాగే ఎక్కుతుంది. వంగక్కర్లేదు. ఆ కలిసే చోట మాత్రం ఆయన నిలబడతారు.

“మీరు అక్కడుంటారా?” అన్నాను.

ఆయన మాట కోసం వెతుక్కున్నారు. ఆగాను. గ్లాసుల్ని, నన్ను, మళ్లీ గ్లాసుల్ని చూశారు.

“నా... పని,” అన్నారు.

అంతే, జీపు అమ్మే మాట ఆ ఇంట్లో మళ్లీ రాలేదు.

సామాన్లు దొరికించుకోవడం నా వంతు. మా ఊరి పంక్చరు షాపు అబ్బాయి సంగతంతా విని, ఇలాంటివి ఆన్‌లైనులో తయారుగా దొరుకుతాయని ఫోనులో చూపించాడు. కానీ అందులో గొట్టాలు మా జీపుకి చాలవు, పైగా ఆయనకి అది వద్దు. తన చేతులతో చేయాలి. చేతులతో అని నేను అలవాటుగా అంటున్నాను, ఒక చేత్తో. గాజువాకలో ఫ్యాక్టరీలకి గాలి పైపులు అమ్మే కొట్టొకటి ఉందని ఆ షాపు అబ్బాయే చెప్పాడు. బస్సులు మారి వెళ్లి నీలం రంగు పైపు చుట్ట, వాల్వుని కరుచుకునే క్లిప్పులు, పైపుల్ని కలిపే బిగింపులు, ఒక మీటరు, గాలి వదలడానికి చిన్న ఇత్తడి కుళాయి తెచ్చాను. బ్యాటరీకి తగిలించుకునే గాలి మిషను చోడవరంలోనే దొరికింది.

తర్వాత కొన్నాళ్లు మా ఇల్లు ఇల్లులా లేదు. ఆయన ముక్కాలిపీట మీద కూచునేవారు, నేను పక్కన నేల మీద. పైపు కొయ్యాలంటే నేను పట్టుకోవాలి, ఆయన కొయ్యాలి. బిగించాలంటే ఆయన పట్టుకోవాలి, నేను తిప్పాలి. వెనక చక్రాలకి పొడుగు పైపులు, ముందు చక్రాలకి పొట్టివి. ఇంత పొడుగని చెప్పడానికి ఆయన చెయ్యి చాపితే ఒక కొస గాల్లో మిగిలిపోయేది, రెండో చెయ్యి లేవదు కదా. అప్పుడు రెండో కొస నా చెయ్యి. దెబ్బలాడుకున్నాం కూడా. నేను ఎక్కువ బిగించి ఒక బిగింపు పగలగొట్టినప్పుడు ఆయన నోటి వెంట ఒక తిట్టు తడబడకుండా, పూర్తిగా, పాత గొంతుతో వచ్చింది. వదిన పొయ్యి దగ్గర్నుంచి తొంగి చూసింది. ముగ్గురం నవ్వుకున్నాం. జబ్బు చేశాక ఆయన నోట తప్పుల్లేకుండా వచ్చిన మొదటి వాక్యం అదే. అదేమిటో ఇక్కడ రాయలేను.

మొదటిసారి పెరట్లో జీపుకి తగిలించి చూస్తే గాలి బ్రహ్మాండంగా ఎక్కింది. దించుదామని కుళాయి తిప్పితే మాత్రం ఒక్కసారి బుస్సుమని ఆగిపోయింది. టైర్లు రాళ్లలా ఉన్నాయి, మీటరు ముల్లేమో సున్నా దగ్గర పడుకుంది. మళ్లీ మళ్లీ చూశాం. అదే వరస. ఆయన లోపలికొచ్చి చాలాసేపు ఒక క్లిప్పుని పట్టుకుని కూచున్నారు. తర్వాత తలెత్తి, “తలుపు,” అన్నారు.

నేను లేచి వీధి తలుపు వేశాను. ఆయన తల అడ్డంగా ఊపి మళ్లీ తలుపు అన్నారు. వదిన వెళ్లి పెరటి తలుపు వేసింది. గది చీకటైంది. ఆయన ఉక్రోషంతో కర్ర నేలకేసి కొట్టారు. పాత అలవాటు ప్రకారం నేను గొడుగా, నీళ్లా, ఫేనా అని అడుగుతూ పోయాను. డాక్టరు గారి మాట గుర్తొచ్చి నోరు మూసుకుని ఆయన ముందు కూచున్నాను. ఆయన ఊపిరి తీసుకుని, క్లిప్పుని నా కళ్ల దగ్గర పెట్టి, పైపు తగిలే వైపు నుంచి దాంట్లోకి చీపురుపుల్ల గుచ్చి చూపించారు. లోపల చిన్న స్ప్రింగు, దాని మీద ఒక గుండు. పుల్లతో నొక్కితే లోపలికి పోతుంది, వదిలితే మూసుకుంటుంది. గాలిని టైరులోకి పోనిస్తుంది, వెనక్కి రానివ్వదు.

తలుపే. ఈసారి ఆయన సరైన మాటని సరైన చోట పెడితే, మేమిద్దరం ఇంట్లో తలుపులన్నీ మూసొచ్చాం.

నాకు ఏడుపొచ్చింది. నాలుగు క్లిప్పుల్లోంచీ ఆ గుండ్లు ఆయనే సూదితో లాగేశారు. ఒకటి ఎగిరి బీరువా కిందకి పోయింది. ఎవరం వెతకలేదు.

గుండ్లు తీసేశాక గాలి రెండు వైపులా నడిచింది గానీ ఎక్కడో కారుతోంది. మీటరు ముల్లు చూస్తుండగానే కిందకి జారేది. బిగింపులన్నీ విప్పి తెల్ల టేపు చుట్టి మళ్లీ బిగించాం. అయినా కారుతోంది. ఆ మధ్యాహ్నం వదిన బట్టలు ఉతుకుతూ ఉతుకుతూ ఆ సబ్బు నురగ చేతులతోనే వచ్చింది. చెప్పాపెట్టకుండా ఒక్కో బిగింపు మీదా నురగ పూసింది. పూసి, కళ్లజోడు ముక్కు మీదికి జార్చుకుని, వంగి చూస్తూ చుట్టూ తిరిగింది.

“ఇదిగో తమ్ముడూ, ఇక్కడ బుడగొస్తంది సూడు,” అంది.

మీటరు మొదట్లోనే, సన్నగా, గింజంత బుడగ పెరుగుతోంది. ఆయన తన అక్క చేతిని, ఆ సబ్బు చేతినే, పట్టుకుని కాసేపు వదల్లేదు. ఆవిడ చెయ్యి లాక్కుని, బట్టలు నానిపోతున్నాయని వెళ్లిపోయింది. ఆ తర్వాత పైపులు చుట్టి పెట్టుకోవడానికి పాత జీను గుడ్డతో సంచి కుట్టింది కూడా ఆవిడే.

ఆ వారమే సంతకి వెళ్లాం. గెడ్డ ఒడ్డున జీపు ఆపి నేను నాలుగు క్లిప్పులూ తగిలించాను. ఆయన బానెట్‌కి నడుం ఆన్చి, కర్ర చంకలో పెట్టుకుని, ఎడమ చెయ్యి కుళాయి మీద వేశారు. తిప్పారు. పొడుగ్గా, ఒకే శ్రుతిలో గాలి బయటికొచ్చింది. నేను దూరంగా నిలబడి చూస్తే జీపు మొత్తం ఒక్కలాగే కొంచెం కిందకి దిగింది, ముందూ వెనకా తేడా లేకుండా. బట్టలుతుకుతున్న ఆడవాళ్లు చేతులాపి చూశారు. ఆయన కళ్లు మీటరు మీదే ఉన్నాయి. ముల్లు పద్దెనిమిది దగ్గరికొచ్చాక కుళాయి కట్టేశారు.

“సాలు,” అన్నారు.

ఇసుకలో జీపు పడవలా పోయింది. స్టీరింగు నా చేతుల్లో తేలిగ్గా ఉంది. అవతలి ఒడ్డు ఎక్కాక నేను ఆయన వైపు చూశాను. ఆయన వెనక్కి తిరిగి ఇసుక మీద మా చక్రాల జాడలు చూసుకుంటున్నారు.

తిరుగు ప్రయాణంలో గాలి ఎక్కించడం కూడా ఆయనదే. మిషను నడుస్తున్నంతసేపూ మీటరు అసలు కన్నా ఎక్కువ చూపిస్తుంది. అందుకని కాసేపు నడిపి, ఆపి, ముల్లు కుదురుకునే దాకా ఉండి, అప్పుడు చూడాలి. నాకు తొందర. నేను ముప్పై అయిపోయింది రండి అంటాను. ఆయన చెయ్యెత్తి ఆపుతారు. ముల్లు ఇరవై ఆరుకి దిగుతుంది. అప్పుడు నా వైపు ఒక చూపు చూస్తారు. ఆ చూపులో పాత సంత మనిషి ఉంటాడు.

ఆయన మాట ఇప్పటికీ పూర్తిగా రాలేదు. పొద్దుటి పూట బాగుంటుంది, అలసిపోతే మళ్లీ గొడుగులూ మాస్టార్లూ వస్తారు. సంతలో బేరం నేనే చేస్తాను. ఆయన మూటల పక్కన కూచుని కొలత చెబుతారు, పిల్లల్ని చూసి ఏ టోపీ సరిపోతుందో తీసిస్తారు. ఆ దారిలో మనుషుల్ని తిప్పే ఇంకో జీపతను మా సామాను చూసి ముచ్చటపడి తనకీ ఒకటి కావాలన్నాడు. దానికి పైపులు కొయ్యడం ఇప్పుడు మా హాల్లో నడుస్తోంది. ఈసారి గుండు లేని క్లిప్పులు చూసి తెచ్చాను.

మొన్న సంత నుంచి వస్తూ గెడ్డ దాటి, మట్టి దారి చివర తారు రోడ్డు దగ్గర ఆగాం. ఆ రోజు దుప్పట్లన్నీ అమ్ముడుపోయాయి. పొద్దుట్నుంచీ నిలబడి నా పాదాలు వాచాయి. క్లిప్పులు తగిలించడానికి దిగబోతుంటే ఆయన నా మోచెయ్యి పట్టుకున్నారు.

“కూకో,” అన్నారు. ఇంకేదో వెతుక్కున్నారు. నేను ఆగాను. “నువ్వు కూకో. నేను... ఎల్తాను.”

వద్దనబోయాను. ఆయన అప్పటికే ముక్కాలిపీట దించి, దాన్ని కర్రతో ముందుకి తోసుకుంటూ మొదటి చక్రం దగ్గరికి వెళ్తున్నారు. పీట మీద కూచుని, ఎడమ చేత్తో క్లిప్పు పట్టుకుని, కుడి మోకాలితో పైపుని అదిమి తగిలిస్తున్నారు. నేను జీడిచెట్టు నీడలో ఖాళీ మూటగుడ్డ పరుచుకుని కూచున్నాను, పడిపోతే పరిగెత్తాలని. రెండో చక్రం దాకా చూసినట్టు గుర్తు.

మెలకువ వచ్చేసరికి ఎండ తగ్గింది. మిషను చప్పుడు లేదు. పైపులు అడ్డదిడ్డంగా చుట్టి వదిన కుట్టిన సంచిలో కుక్కి ఉన్నాయి, ఒక కొస బయటికి వేలాడుతోంది. నాలుగు టైర్లూ నిండుగా ఉన్నాయి. ఆయన నా తలవైపు పీట వేసుకుని కూచుని తువ్వాలుతో నా ముఖం మీద ఈగలు తోలుతున్నారు. ఎంతసేపయిందని అడిగితే భుజం ఎగరేశారు.

“లేపొచ్చు కదండీ,” అన్నాను.

ఆయన తల అడ్డంగా ఊపారు. తువ్వాలు భుజాన వేసుకుని, నేను లేవడానికి తన మంచి చెయ్యి అందించారు.